తెలుగు ప్రోనోటు మీద ఇచ్చిన అప్పు, కెనడాలో వసూలు చేసుకోవడం ఎలా?

బ్రాంప్టన్_భాస్కర్
2023 అక్టోబరులో బాగా తెలిసిన ఒకతనికి 18,000 డాలర్లు అప్పు ఇచ్చాను. ఊళ్ళో రాసుకున్నట్టే తెలుగులో ప్రోనోటు రాయించుకున్నాను. "మీరు కోరినప్పుడు మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లించగలవాడను" అని, నెల 1కి నూటికి రెండు వడ్డీ అని, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. రెవెన్యూ స్టాంపు కూడా అతికించాం. డబ్బంతా ఈ-ట్రాన్స్‌ఫర్‌లోనే పంపాను. 2025 మార్చి దాకా నెల తప్పకుండా 360 డాలర్లు వడ్డీ వేశాడు. తర్వాత ఆపేశాడు. మే నెలలో "నెలాఖరుకు అసలు మొత్తం ఇచ్చెయ్" అని వాట్సాప్‌లో పెట్టాను. చూశాడు, జవాబు లేదు. ఇప్పుడు కాపురం అల్బర్టా ప్రావిన్సులోని కాల్గరీకి మార్చేశాడు, ఫోన్ ఎత్తడు.

పోలీసులను అడిగితే ఇది సివిల్ వ్యవహారం, మేం జోక్యం చేసుకోం అన్నారు. రెండేళ్ళు దాటితే నోటు చిత్తు కాగితమే అని ఒకరు, లాయరు ఫీజుకే సగం పోతుందని ఇంకొకరు. అమ్మాయి యూనివర్సిటీ ఫీజుకని దాచిన డబ్బు ఇది. రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

వరంగల్_కుర్రోడు
అన్నా, అతని ఫొటో, నోటు ఫొటో కలిపి తెలుగు గ్రూపులన్నిట్లో పెట్టు. రెండ్రోజుల్లో పైసలు వస్తయ్.

గోదారి_గట్టు
వద్దండీ, ఆ పని చేయకండి. గ్రూపులో "మోసగాడు" అని పెడితే అతనే మీ మీద పరువు నష్టం దావా వేస్తాడు. అప్పు నిజమే అయినా, మోసం చేశాడన్నది మీరు రుజువు చేసుకోవాల్సిన వేరే మాట. డబ్బు రాకపోగా మీరే ప్రతివాది అవుతారు.

వరంగల్_కుర్రోడు
మరి ఇమిగ్రేషన్ వాళ్ళకు ఉత్తరం రాస్తానని భయపెడితే?

పద్మజ_పారాలీగల్
అది ఇంకా ప్రమాదం. డబ్బు ఇవ్వకపోతే పోలీసులకో ఇమిగ్రేషన్‌కో చెప్తానని బెదిరిస్తే క్రిమినల్ కోడ్ 346 సెక్షన్, అంటే బెదిరించి డబ్బు గుంజడం కిందకు వచ్చే అవకాశం ఉంది. అదే సెక్షన్‌లో రెండో ఉపనిబంధన చూడండి, సివిల్ కేసు వేస్తానని చెప్పడం నేరం కాదని స్పష్టంగా ఉంది. భాస్కర్ గారూ, మీరు అనగలిగిన మాట అదొక్కటే: "కట్టకపోతే కోర్టుకు వెళ్తాను."

నేను మీ బ్రాంప్టన్ ఉన్న అంటారియో ప్రావిన్సులో లైసెన్సు ఉన్న పారాలీగల్‌ని, అంటే లాయరు కాకపోయినా చిన్న కోర్టుల్లో వాదించగలిగే మనిషిని. ఇక్కడ రాసేది అందరికీ పనికొచ్చే సమాచారమే, మీ కాగితాలు చూసి ఇచ్చే సలహా కాదు.

పోలీసులు చెప్పింది సరైనదే. తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశంతో అబద్ధాలు చెప్పాడని రుజువు ఉంటే తప్ప అప్పు తీర్చకపోవడం నేరం కాదు. ఎస్సై ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చడం ఇక్కడ ఉండదు. కోర్టే దారి. అయితే క్రిమినల్ కేసులో సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి, సివిల్‌లో మీ మాటే నిజమయ్యే అవకాశం కాస్త ఎక్కువని జడ్జికి అనిపిస్తే చాలు. ఎంత తీవ్రమైన ఆరోపణైనా సివిల్‌లో కొలత ఇదొక్కటేనని కెనడా సుప్రీంకోర్టు 2008లో మెక్‌డూగల్ కేసులో తేల్చేసింది. మీ దగ్గర నోటు, ఈ-ట్రాన్స్‌ఫర్లు, అతను కట్టిన వడ్డీల బ్యాంకు రికార్డు ఉన్నాయి. అప్పు ఇచ్చారన్న విషయంలో మీరు గట్టిగానే ఉన్నారు.

చిన్న మొత్తాల దావాలు చూసే అంటారియో స్మాల్ క్లెయిమ్స్ కోర్టు పరిమితి 2025 అక్టోబరు 1 నుంచి 50,000 డాలర్లు. అంతకు ముందు 35,000 ఉండేది. లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఫారం 7ఎ మీద క్లెయిమ్ వేసి, ఆ కాగితాలు అతనికి అందజేస్తే (సర్వ్ చేయడం అంటారు) 20 రోజుల్లో డిఫెన్స్, అంటే తన జవాబు, వేయాలి. వేయకపోతే అతని జవాబు లేకుండానే ఇచ్చే డిఫాల్ట్ తీర్పు అడగొచ్చు. వేస్తే విచారణకు ముందు రాజీ కోసం కూర్చునే సెటిల్‌మెంట్ కాన్ఫరెన్స్ తప్పనిసరి.

తెనాలి_తాతయ్య
నేను తెనాలిలో ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేశాను, ఇప్పుడు ఓక్విల్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కోరినప్పుడు చెల్లించే నోటుకు మన లిమిటేషన్ చట్టంలో గడువు నోటు రాసిన తేదీ నుంచే మూడేళ్ళు. అడిగావా లేదా అన్నదానితో పని లేదు. మధ్యలో ఎంతో కొంత జమ వేసి నోటు వెనక సంతకం చేయిస్తే మళ్ళీ మూడేళ్ళు. ఇక్కడ రెండేళ్ళే అంటున్నారు. అలా అయితే 2025 అక్టోబరుతోనే అయిపోయినట్టు కదమ్మా?

పద్మజ_పారాలీగల్
తాతయ్య గారూ, ఇండియా సంగతి మీరు చెప్పినట్టే. ఇక్కడ తేడా అక్కడే ఉంది. అంటారియో 2002 లిమిటేషన్స్ చట్టం ప్రకారం కోరినప్పుడు చెల్లించే అప్పుకు రెండేళ్ళ గడువు నోటు తేదీ నుంచి మొదలవదు. మీరు అడిగి, అతను కట్టలేకపోయిన రోజు నుంచి మొదలవుతుంది. భాస్కర్ గారు 2025 మే నెలాఖరుకు కట్టమన్నారు కాబట్టి లెక్క అక్కడి నుంచి. ఇంకా టైం ఉంది, కానీ తీరిగ్గా కూర్చునేంత లేదు.

ఆ వాట్సాప్ మెసేజ్‌ను తేదీ కనిపించేలా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఫోన్ మార్చినప్పుడు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

బ్రాంప్టన్_భాస్కర్
గుండె మీద బరువు సగం దిగింది పద్మజ గారూ. మరి ఏప్రిల్ 2025 నుంచి నెలకు 360 చొప్పున వడ్డీ కూడా కలిపి అడగొచ్చు కదా?

పద్మజ_పారాలీగల్
ఇది మీకు నచ్చని మాట. నోటులో "నెలకు నూటికి రెండు" అని మాత్రమే ఉందా, "ఏడాదికి 24 శాతం" అని ఎక్కడైనా రాశారా?

బ్రాంప్టన్_భాస్కర్
నెలకు రెండు అని మాత్రమే. ఊళ్ళో ఎవరైనా అలాగే రాస్తారు కదండీ.

పద్మజ_పారాలీగల్
అయితే ఇంట్రస్ట్ యాక్ట్ నాలుగో సెక్షన్ అడ్డొస్తుంది. స్థిరాస్తి తనఖాలు కాకుండా మిగతా ఏ రాతపూర్వక ఒప్పందంలోనైనా వడ్డీని రోజుకో వారానికో నెలకో చెప్పి, ఏడాదికి ఎంతో విడిగా రాయకపోతే, ఏడాదికి 5 శాతం మించి వసూలు చేయడానికి లేదు.

18,000 మీద ఏడాదికి 5 శాతం అంటే 900, నెలకు 75. మీకు నెలకు 360 వచ్చింది. 2023 నవంబరు నుంచి 2025 మార్చి దాకా 17 నెలలు. అంటే నెలకు 285 చొప్పున 4,845 డాలర్లు ఎక్కువ వచ్చినట్టు. ఐదో సెక్షన్ ప్రకారం ఆ ఎక్కువను అతను అసల్లో తగ్గించమని అడగొచ్చు. మోటు లెక్కలో మీ అసలు 13,155 దగ్గర నిలుస్తుంది. అతని తరఫున తెలిసిన మనిషి ఎవరున్నా మొదట పట్టుకునేది దీన్నే. ముందే తెలిసి ఉంటే సెటిల్‌మెంట్‌లో మీరు తడబడరు.

బ్రాంప్టన్_భాస్కర్
ఎగ్గొట్టినవాడికి తగ్గింపు, ఇచ్చినవాడికి నష్టమా? వడ్డీ కడతానని వాడే కదా ఒప్పుకుని సంతకం పెట్టింది!

సిద్ధిపేట_సుజాత
భాస్కర్ అన్నా, మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ చట్టం ఎందుకుందో కూడా చూడాలె. మా చెల్లె కాలేజీ ఫీజు కట్టనీకి ఇక్కడనే తెలిసినోళ్ళ దగ్గర మూడు రూపాయల వడ్డీకి తీసుకుంది. "మూడే కదా" అనుకుంది పాపం. ఏడాదికి 36 శాతం అని కాగితం మీద ఉంటే తీసుకునేదే కాదు. క్రెడిట్ కార్డు కూడా అంత గుంజదు.

పద్మజ_పారాలీగల్
సుజాత గారూ, మూడు రూపాయల వడ్డీ అయితే సంగతి 5 శాతంతో ఆగదు. 2025 జనవరి 1 నుంచి కెనడాలో ఏడాదికి 35 శాతం ఏపీఆర్ (ఫీజులూ కలిపిన వార్షిక రేటు) దాటిన వడ్డీ నేరం. అంతకు ముందు హద్దు చక్రవడ్డీ లెక్కలో 60 శాతం. నెలకు మూడంటే 36. ఆ తేదీ తర్వాత రాసుకున్న నోటైతే మీ చెల్లెలు ఒకసారి ఉచిత లీగల్ క్లినిక్‌లో చూపించుకోవాలి.

సిద్ధిపేట_సుజాత
2025 ఎండాకాలంలనే రాసిన్రు. రేపే ఫోన్ చేయిస్త. ఆమెకు ఈ మాట చెప్తే ఎంత ధైర్యం వస్తదో.

గోదారి_గట్టు
మన సంఘాల్లో చిట్టీలు, చేబదుళ్ళు చాలానే నడుస్తున్నాయి. ఈ రెండు సంగతులూ ప్రతి ఇంట్లో తెలియాలి. పండగ సభల్లో పాటలు, భోజనాల మధ్య ఒక అరగంట దీనికి కేటాయించమని మా కమిటీని అడుగుతాను.

వరంగల్_కుర్రోడు
భోజనాల ముందు పెట్టున్రి అన్నా, తర్వాత పెడితే అందరూ పార్కింగ్‌ల ఉంటరు.

కాల్గరీ_కృష్ణ
అందరూ అంటారియో కోర్టు గురించే మాట్లాడుతున్నారు. మనిషి ఉన్నది, జీతం తీసుకునేది, బ్యాంకు ఖాతా ఉన్నది ఇక్కడ కాల్గరీలో. నా మాట వింటే కేసు అల్బర్టాలోనే వేయండి. ఇక్కడ కోర్ట్ ఆఫ్ జస్టిస్‌లో సివిల్ క్లెయిమ్ పరిమితి 2023 ఆగస్టు నుంచి లక్ష డాలర్లు. గడువు ఇక్కడా రెండేళ్ళే, కోరినప్పుడు కట్టే అప్పుకు ఇక్కడా అడిగి కట్టని రోజు నుంచే.

తెనాలి_తాతయ్య
నోటు రాసింది, డబ్బు ఇచ్చింది బ్రాంప్టన్‌లో కదా బాబూ. వ్యాజ్య కారణం పుట్టిన చోట వేసుకోవచ్చు. ఇక్కడ తీర్పు తెచ్చుకుని అక్కడ రిజిస్టరు చేయించుకుంటే సరిపోదా?

కాల్గరీ_కృష్ణ
సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. మా అన్నయ్య ఇదే దారిలో వెళ్ళాడు. వేరే ప్రావిన్సు తీర్పును ఇక్కడ రిజిస్టరు చేసే చట్టంలో ఒక మెలిక ఉంది. కేసు నాటికి ప్రతివాది ఆ ప్రావిన్సులో నివాసం లేక, అక్కడ వ్యాపారం కూడా లేక, కోర్టుకు తనంతట తాను హాజరు కాకపోతే ఆ తీర్పు రిజిస్టరు కాకుండా అడ్డుకోవచ్చు. ఇతను ఫోనే ఎత్తడంటున్నారు, బ్రాంప్టన్ కోర్టుకు హాజరవుతాడా? మా అన్నయ్య ఆ తీర్పు మీద ఇక్కడ మళ్ళీ దావా వేయాల్సి వచ్చింది.

పద్మజ_పారాలీగల్
కృష్ణ గారు చెప్పింది చాలా ముఖ్యం, నేను కూడా ఒప్పుకుంటాను. అంటారియోలో వేసే హక్కు మీకుంది. కానీ వసూలు ఎక్కడ జరగాలో అక్కడ వేస్తే ఒక మెట్టు తగ్గుతుంది. నా లైసెన్సు అంటారియోకే, అల్బర్టాలో మీ తరఫున నేను నిలబడలేను. అయినా అదే మంచిదనిపిస్తోంది.

నెల్లూరు_నవీన్
ఒక సందేహం. వడ్డీ చట్టం దేశమంతా ఒకటే, గడువులూ కోర్టు పరిమితులూ మాత్రం ప్రావిన్సుకొకటి. ఎందుకలా?

పద్మజ_పారాలీగల్
1867 రాజ్యాంగ చట్టంలోనే పంచేశారు. 91వ సెక్షన్‌లో వడ్డీ, ప్రామిసరీ నోట్లు, క్రిమినల్ చట్టం ఫెడరల్ ప్రభుత్వానికి. 92వ సెక్షన్‌లో ఆస్తి, పౌర హక్కులు, కోర్టుల నిర్వహణ ప్రావిన్సులకు. అందుకే భాస్కర్ గారు అల్బర్టాకు వెళ్ళినా ఆ 5 శాతం ఆయన వెంటే వస్తుంది. కోర్టు ఫారాలు మాత్రం మారిపోతాయి.

మాంట్రియల్_మురళి
మా క్యుబెక్‌లో ఇంకా వేరు. ఇక్కడ కాంట్రాక్టులు, అప్పులు సివిల్ కోడ్ ప్రకారం నడుస్తాయి, మిగతా ప్రావిన్సుల్లోలాగా ఇంగ్లీషు కామన్ లా కాదు. మామూలు గడువు మూడేళ్ళు. స్మాల్ క్లెయిమ్స్ 15,000 దాకా, అందులో సాధారణంగా లాయర్లు వాదించడానికి వీల్లేదు. ఎవరి గొడవ వాళ్ళే జడ్జికి చెప్పుకోవాలి. నాకు ఈ పద్ధతే నచ్చింది, సామాన్యుడికి భయం ఉండదు.

శ్రీలక్ష్మి_మిస్సిసాగా
భాస్కర్ గారూ, తీర్పు రావడం ఒకటి, డబ్బు రావడం ఇంకొకటి. మా బేస్‌మెంట్ పని మధ్యలో వదిలేసి వెళ్ళిన కాంట్రాక్టరు మీద స్మాల్ క్లెయిమ్స్‌లో గెలిచాం. కోర్టు మనకు డబ్బు వసూలు చేసి పెట్టదు, ఆ పని కూడా మనమే నడపాలి. ముందు అతన్ని ఎగ్జామినేషన్‌కు పిలిపించాం. అంటే ఏ బ్యాంకులో ఖాతా ఉంది, ఎక్కడ పని చేస్తున్నాడు, బండి ఎవరి పేరున ఉంది అని ప్రమాణం మీద చెప్పించడం. ఖాతా వివరం దొరికింది కాబట్టి గార్నిష్‌మెంట్ నోటీసు, అంటే అతని డబ్బు మన బాకీకి కట్టమని చెప్పే కాగితం, బ్యాంకుకు పంపాం. జీతం నుంచి అయితే అంటారియోలో చేతికొచ్చే దాంట్లో 20 శాతం దాకా పట్టుకోవచ్చు.

అతను మీకు వడ్డీ పంపిన ఈ-ట్రాన్స్‌ఫర్ ఏ బ్యాంకు నుంచి వచ్చిందో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

నెల్లూరు_నవీన్
అక్కా, అతను దివాలా తీస్తే?

శ్రీలక్ష్మి_మిస్సిసాగా
అప్పుడు అప్పులవాళ్ళ వరుసలో మనమూ ఒకరం. దివాలా గానీ, కొంత భాగం కట్టి తేల్చుకుంటానని అప్పులవాళ్ళకు పెట్టే కన్‌స్యూమర్ ప్రపోజల్ గానీ ఫైల్ చేస్తే మామూలు అప్పుల వసూళ్ళు ఆగిపోతాయి. వచ్చేది డాలరుకు కొన్ని సెంట్లే కావచ్చు. అందుకే మనిషి ఉద్యోగంలో ఉన్నప్పుడే కదలాలి.

హంబర్_స్టూడెంట్
మధ్యలో నాది. నేను బేస్‌మెంట్‌లో ఒక గది తీసుకున్నా. ఖాళీ చేశాక 800 డిపాజిట్ ఇవ్వలేదు. ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు వెళ్దామంటే కుదరదంటున్నారు. నిజమా?

పద్మజ_పారాలీగల్
వంటగది గానీ బాత్రూం గానీ ఇంటి ఓనరుతో కలిపి వాడారా?

హంబర్_స్టూడెంట్
కిచెన్ కలిపే. ఆంటీ వాళ్ళూ కిందికొచ్చి వండుకునేవాళ్ళు.

పద్మజ_పారాలీగల్
ఒప్పందం ప్రకారం ఆ ఇంట్లోనే ఉంటున్న ఓనరుతో కలిపి వాడాల్సి ఉంటే అద్దె చట్టం మీకు వర్తించదు, కాబట్టి బోర్డు తీసుకోదు. అలా అని డబ్బు పోయినట్టు కాదు, స్మాల్ క్లెయిమ్స్‌కు వెళ్ళొచ్చు. విడిగా కిచెన్, బాత్రూం ఉన్నవాళ్ళకైతే అంటారియోలో డ్యామేజ్ డిపాజిట్ అడగడమే చట్టవిరుద్ధం, చివరి నెల అద్దె మాత్రమే ముందు తీసుకోవచ్చు. ఆ కేసు బోర్డుకే వెళ్ళాలి. ముందు డబ్బు పంపిన రుజువుతో ఆమెకు ఒక ఈమెయిల్ రాయండి, తేదీ పెట్టి.

బ్రాంప్టన్_భాస్కర్
అతనికి నరసరావుపేట దగ్గర స్థలం ఉంది. ఇక్కడి తీర్పుతో దాన్ని అటాచ్ చేయించొచ్చా తాతయ్య గారూ?

తెనాలి_తాతయ్య
నేరుగా కుదరదు నాయనా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద గుర్తించిన దేశాల తీర్పులనే మన కోర్టులు సొంత డిక్రీలా అమలు చేస్తాయి. యూకే, సింగపూర్, యూఏఈ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి, కెనడా లేదు. కాబట్టి ఇక్కడి తీర్పును ఆధారంగా చూపించి అక్కడ కొత్తగా దావా వేయాలి, దానికి మూడేళ్ళ గడువు. ఇంకో మాట. అతను హాజరు కాకుండా వచ్చిన ఎక్స్‌పార్టే తీర్పు అయితే, మంచిచెడ్డలు విచారించి ఇచ్చింది కాదని 13వ సెక్షన్ కింద తోసిపుచ్చే వీలుంది. డిఫాల్ట్ తీర్పు వచ్చేసిందని సంబరపడే ముందు ఇది గుర్తుంచుకో.

గోదారి_గట్టు
ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరిని మధ్యలో పెడితే? నలుగురి మధ్య కూర్చుంటే చాలాసార్లు తేలిపోతుంది. కోర్టు గుమ్మం ఎక్కితే ఆ మనుషులు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

శ్రీలక్ష్మి_మిస్సిసాగా
పెద్దమనుషుల మీద గౌరవం ఉంది అన్నయ్యా. కానీ మాటలు సాగుతూ ఉంటే గడువు ఆగదు. "వచ్చే సంక్రాంతికి, ఉగాదికి" అంటూనే రెండేళ్ళు గడిచిపోతాయి. మాట్లాడుకోవాలంటే మాట్లాడుకోండి, కేసు కాగితం మాత్రం కోర్టులో పడి ఉండాలి.

పద్మజ_పారాలీగల్
శ్రీలక్ష్మి గారి మాటే నాదీ. నోటు తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ప్రమాణపత్రం సిద్ధం చేసుకోండి. "anna next month pakka" లాంటి ఇంగ్లీషు అక్షరాల తెలుగు మెసేజ్‌లకు కూడా అంతే. సాక్షులిద్దరి ప్రస్తుత అడ్రసులు తీసుకోండి. ఖర్చులు భయపడేంత ఉండవు. అంటారియో స్మాల్ క్లెయిమ్స్‌లో ఓడినవాళ్ళు కట్టే వాదన ఖర్చులు మామూలుగా క్లెయిమ్‌లో 15 శాతం దాటవు. అల్బర్టా లెక్క అక్కడివాళ్ళను అడగండి.

బ్రాంప్టన్_భాస్కర్
రిజిస్టర్డ్ పోస్టులో డిమాండ్ లెటర్ పంపాను. బెదిరింపు మాట ఒక్కటీ లేకుండా అసలు, తేదీలు, కట్టాల్సిన గడువు, లేకపోతే సివిల్ కేసు అని మాత్రమే రాశాను. ఇన్నాళ్ళకు మెసేజ్ వచ్చింది: "వడ్డీ వద్దంటే నెలకు 500 కడతాను, కేసు వద్దు." ఏమంటారు?

కాల్గరీ_కృష్ణ
ఒప్పుకోవచ్చు, నోటిమాట మీద మాత్రం కాదు. మొత్తం ఎంత బాకీయో అతను ఒప్పుకుంటున్నట్టు, ఏ తేదీన ఎంతో, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా వెంటనే కట్టాలని రాసి సంతకం చేయించండి. క్లెయిమ్ వేశాక రాజీ పత్రం కోర్టులో ఫైల్ చేస్తే ఇంకా గట్టి. మీకు ఇక్కడ సర్వ్ చేసే మనిషి కావాలంటే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, ప్రాసెస్ సర్వర్లు దొరుకుతారు.

తెనాలి_తాతయ్య
ఆ పత్రంలో మళ్ళీ వడ్డీ రాస్తే ఈసారి ఏడాదికి ఇంత శాతం అని రాయి నాయనా. తప్పిన వాయిదాల మీద పనికొస్తుంది.

బ్రాంప్టన్_భాస్కర్
క్లెయిమ్ కాల్గరీలోనే వేస్తున్నాను, 13,155కి, దాని మీద ఏడాదికి 5 శాతం వడ్డీకి. 500 సంగతి అతను కోర్టు ముందే సంతకం పెట్టి మొదలుపెట్టాలి. కృష్ణ గారూ, మెసేజ్ పెట్టాను చూడండి.